చెరువు ఎవరిది? – ఆలేరు వాగు ప్రాంతంలో ఉమ్మడి రక్షణ చరిత్ర

పర్యావరణ పరిరక్షణను గురించి జరిగే సభల్లో ఈనాడు 'సమన్వయం' అనే మాట వినపడని సభ లేదు. రైతులు, పంచాయతీలు, ప్రభుత్వ శాఖలు, స్వచ్ఛంద సంస్థలు, శాస్త్రజ్ఞులు ఒక్కచోట కూర్చుని మాట్లాడుకుంటే చెరువులూ వాగులూ బాగుపడతాయని వక్తలు సెలవిస్తారు. మాట మంచిదే, కాదనేవారు లేరు. ఐతే కాదనేవారెవరూ లేని మాటను కాస్త అనుమానంతో పరిశీలించడం విమర్శకుని విధి. కలిసి పనిచేయడమంటే ఎవరితో ఎవరు కలవడం? శ్రమ ఎవరిది, ఫలితం ఎవరిది? నిర్ణయం జరిగే చోట కూర్చునేవారెవరు, గుమ్మం బయట నిలబడేవారెవరు? ఈ ప్రశ్నలు వేయకుండా సమన్వయాన్ని గురించి ఎంత మాట్లాడినా అది ఉపన్యాసంగానే మిగిలిపోతుంది.

ఈ ప్రశ్నలను గాలిలో చర్చించనవసరం లేదు. ఆలేరు ప్రాంతాన్నే తీసుకుందాం. 2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలో వుండి, తరువాత యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన ఈ ఊరి పేరులోనే ఏరు వుంది. ఆ ఏరు ఏడాది పొడుగునా పారే నది కాదు. వానకాలంలో పొంగి, వేసవిలో ఇసుక మాత్రమే మిగిలే వాగు అది. మూసీలో కలిసి, మూసీతోపాటు వాడపల్లి దగ్గర కృష్ణలో చేరుతుంది. ఆలేరుకు సమీపంలోనే వున్న కొలనుపాక కల్యాణి చాళుక్యుల కాలంలో గొప్ప పాలనాకేంద్రం. జైనులకూ శైవులకూ పుణ్యక్షేత్రం. జీవనది లేనిచోట అంతటి పట్టణం ఎట్లా నిలబడింది? ఈ ప్రాంతంలో నాగరికత నదిమీద ఆధారపడలేదు, నిలవచేసుకున్న వాననీటిమీద ఆధారపడింది. అందుచేత ఇక్కడి చరిత్ర రాయడమంటే చాలవరకు చెరువు చరిత్ర రాయడమే.

1

ఈ నేల స్వభావాన్ని ముందుగా గమనించవలసి వుంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల మెట్టప్రాంతమంతా కఠినమైన గ్రానైటు శిల. పైన పలుచని ఎర్రని చెలక నేల, దాని కింద చివికిన రాతి పొర, ఆ కింద నీరు సులభంగా ఇంకని బండ. సాలీనా కురిసే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం నాలుగు నెలల్లో, అదీ కొద్దిరోజుల్లో కుండపోతగా పడుతుంది. ఆ నీటిని అక్కడికక్కడ ఆపకపోతే వాగుల వెంట వెళ్ళిపోతుంది. వాలులోయల్లో కట్టలు వేసి ఒకదాని కింద ఒకటిగా చెరువులు నిర్మించడం ఈ భౌగోళిక పరిస్థితికి మనుషులు కనిపెట్టిన సమాధానం. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీరు కింది కుంటలోకి, ఆ కుంట నిండితే దాని దిగువ చెరువులోకి పోతుంది. వీటినే గొలుసుకట్టు చెరువులంటాం. చెరువు నీరు నేలలోకి ఇంకి బావులను కూడా నింపుతుంది. కనుక చెరువు ఒక ఊరిదేనని అనుకోవడం మొదటి పొరపాటు. గొలుసులోని ఒక కొక్కెం తెగితే దాని కిందివన్నీ ప్రమాదంలో పడతాయి.

దీనికి చరిత్రలో భయంకరమైన సాక్ష్యం వుంది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదు నగరాన్ని ముంచి వేలమందిని బలిగొన్నది. ఆ తరువాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పరిశీలించగా, నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో వున్న 788 చెరువులలో 221 తెగిపోయినట్లు తేలింది. ఒక కట్ట తెగితే ఆ నీరు కింది కట్టమీద పడుతుంది, అదీ తెగుతుంది. ఎగువ ఊరి నిర్లక్ష్యానికి దిగువ ఊరు ప్రాణాలతో మూల్యం చెల్లిస్తుంది. వాగు పొడుగునా వున్నవారందరి మధ్య ఒక కట్టుబాటు అవసరమనే సత్యాన్ని ఏ సభా తీర్మానించకముందే ప్రకృతి ఈ విధంగా తీర్మానించింది.

2

ఈ చెరువులను ఎవరు నిర్మించారు? పాఠ్యపుస్తకం రాజుల పేర్లు చెబుతుంది. నల్లగొండ పక్కన పానగల్లులోని ఉదయసముద్రం కందూరు చోడుల నిర్మాణం. రేచర్ల రుద్రుని రామప్ప, గణపతిదేవుని కాలపు పాఖాల కాకతీయ యుగపు కీర్తిచిహ్నాలు. ఇవి నిజాలే. కాని శాసనాల్లో పేరు వేయించుకున్నవాడు వేరు, మట్టి మోసినవాడు వేరు. మట్టిపనిలో తరతరాలుగా ఆరితేరిన వడ్డెరల పేర్లు ఏ శిలాస్తంభంమీదా కనపడవు. కట్టకు రాయి పరిచినవారు, తూము నిలబెట్టినవారు, మత్తడి ఎంత ఎత్తున వుండాలో వాలు చూసి చెప్పగలిగినవారు మన చరిత్రలో అనామకులుగా మిగిలిపోయారు.

ఐనప్పటికీ శాసనాలు ఒక ముఖ్యమైన విషయం తెలియజేస్తున్నాయి. చెరువు కట్టించినవానికి, మరమ్మతు చేయించినవానికి దాని కింది భూమిలో కొంత భాగం దశబంధం పేరిట దక్కేది. అంటే చెరువు రక్షణ ఆనాడు భక్తిమీదా పుణ్యంమీదా మాత్రమే ఆధారపడలేదు. ఒక నిశ్చితమైన భౌతిక ప్రయోజనంతో ముడిపడి వుంది. పుణ్యం శాసనం మొదటి పంక్తుల్లో వుంటే, వాటా చివరి పంక్తుల్లో వుండేది. పరిరక్షణకు నైతిక ప్రబోధం చాలుననుకునే నేటి ఉపన్యాసకులు ఈ చివరి పంక్తులు చదవడం మంచిది.

గ్రామంలో ఈ ఏర్పాటు ఇంకా సూక్ష్మంగా పనిచేసింది. తూము తీయడం, మూయడం, మడి మడికి నీరు పారించడం నీరటి బాధ్యత. పంట కల్లానికి వచ్చినప్పుడు ప్రతి రైతూ అతనికి మేర కొలిచేవాడు. కొన్నిచోట్ల ఇనాం భూమి కూడా వుండేది. చెరువులో నీరు తక్కువైన ఏడు తైబందీ చేసేవారు. అంటే ఆయకట్టు మొత్తం తడపకుండా, నీరు అందగలిగినంత భాగం నిర్ణయించి, ఆ భాగంలోనే రైతులందరూ తమ భూముల నిష్పత్తిలో సాగు చేసుకునేవారు. వేసవిలో పూడిక తీసి ఆ ఒండ్రుమట్టిని చెలకలకు తోలుకునేవారు. చెరువుకు పూడిక తగ్గేది, చేనుకు బలం పెరిగేది. కుమ్మరికి మట్టి, చాకలికి రేవు, ముదిరాజులకూ బెస్తలకూ చేపలు, గొల్లకురుమల మందలకు నీరు, కట్టమీది తాళ్ళలో గౌడులకు కల్లు అన్నీ ఆ చెరువే ఇచ్చింది. కట్టమీద మైసమ్మ వెలిసింది. ఆడపడుచులు బతుకమ్మలను తెచ్చి ఆ నీటిలోనే సాగనంపారు. ఒక వనరు చుట్టూ ఒక సమాజం అల్లుకొనివున్న తీరు ఇది.

3

ఇక్కడే మనలో కొందరు ఆగిపోతారు. "ఆహా, ఎంత చక్కని గ్రామ జీవితం! అందరూ కలిసి పనిచేశారు, ఆధునికత వచ్చి అంతా పాడుచేసింది" అంటారు. ఇది చరిత్ర కాదు, కలవరింత. చెరువు అందరిదీ అయినా ఆయకట్టు అందరిదీ కాదు. తూము దగ్గరి తరి భూములు దేశముఖులవీ పటేల్ పట్వారీలవీ. చివరి మళ్ళు బీదరైతువి. ఏ మడీ లేనివారిది కట్ట పని. నీరటి ఎక్కువచోట్ల దళితుడో ముదిరాజో అయివుండేవాడు. నీరు పంచే చేతికి సెంటు భూమి వుండేది కాదు. ఎవరి మడికి ముందు నీళ్ళివ్వాలో అతనికి తెలుసు. ఎవరి మడికి ఇవ్వకపోతే వీపు పగులుతుందో ఇంకా బాగా తెలుసు. అతడు తెచ్చిన నీటితో పండిన ఊళ్ళో ఆ నీటిని తన చేత్తో ముట్టుకొని తాగే హక్కు అతనికి వుండకపోవచ్చు. ఆనాటి సమన్వయంలో ఒక అంశం అనుభవజ్ఞానం, ఒక అంశం పరస్పర ప్రయోజనం, మూడవ అంశం నిర్బంధం. మూడవదాన్ని దాచి మొదటి రెండింటినీ పొగడటం పాక్షికత్వం.

నిజాం పాలన చివరి దశాబ్దాల్లో ఈ మూడవ అంశమే మిగతా రెండింటినీ మింగివేసింది. విసునూరు దేశముఖు చేతిలో సుమారు 60 గ్రామాలు, 40 వేల ఎకరాలు వుండేవంటే ఆ గ్రామాల్లో ఉమ్మడి వ్యవస్థ అనే మాటకు అర్థమేమి మిగిలివుంటుందో ఊహించుకోవచ్చు. చెరువు పని, గడి పని, పొలం పని అంతా వెట్టిలోనే జరిగింది. 1944లో ఆలేరు పొరుగున భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ సమావేశం జరిగినప్పుడు అది మితవాదుల చేతినుంచి రైతాంగం చేతికి వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత పోరాటం సాయుధరూపం దాల్చింది. పుచ్చలపల్లి సుందరయ్య గ్రంథం ప్రకారం సుమారు 3 వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడి, 10 లక్షల ఎకరాల భూమి పంపిణీ జరిగింది. కొలనుపాకకు చెందిన ఆరుట్ల రామచంద్రారెడ్డి, కమలాదేవి దంపతులు ఆ పోరాట నాయకుల్లో వున్నారు. 1952 ఎన్నికల్లో ఆలేరు ప్రజలు కమలాదేవిని శాసనసభకు పంపారు. 1957లోనూ, 1962లోనూ తిరిగి పంపారు.

వెట్టి పోయింది. అది పోవలసిందే, దాని పోకను గురించి కన్నీరు కార్చేవారు ప్రజల పక్షాన వున్నవారు కారు. కాని ఒక ప్రశ్నను మన ఉద్యమాలు కూడా సకాలంలో వేసుకోలేదని ఒప్పుకోక తప్పదు. వెట్టితో నడిచిన చెరువును స్వేచ్ఛాజీవులైన మనుషులు ఏ పద్ధతిపై నడపాలి? భూమి పంపకాన్ని గురించి మనకు స్పష్టమైన సిద్ధాంతం వుంది. నీటి పంపకాన్ని గురించి, కట్ట రక్షణను గురించి అంత స్పష్టమైన సిద్ధాంతం లేకపోయింది. పాత నిర్బంధం తొలగినచోట కొత్త ప్రజాస్వామిక కట్టుబాటు రావలసింది. అది రాకపోవడంతో ఖాళీ ఏర్పడింది. ఆ ఖాళీలోకి రెండు శక్తులు ప్రవేశించాయి: ఒకటి ప్రభుత్వ కచేరీ, రెండవది బోరుబావి.

4

కచేరీ చెరువును ముక్కలు చేసింది. వంద ఎకరాలకు పైబడిన ఆయకట్టు వున్న చెరువు నీటిపారుదల శాఖకు, అంతకు తక్కువది పంచాయతీరాజ్ వ్యవస్థకు పోయింది. శికం భూమి రెవిన్యూ శాఖది, చేపలు మత్స్యశాఖ సహకార సంఘాలవి, ఎగువనున్న గుట్ట అటవీశాఖది. ఒకే నీటిచుక్క గుట్టమీద పడి మత్తడి దాటేలోపల నాలుగు శాఖల దస్త్రాల్లోనుంచి ప్రయాణం చేయవలసి వచ్చింది. ప్రతి శాఖకూ తన అంశం తెలుసు. గొలుసు మొత్తం ఎవరి బాధ్యతా కాలేదు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. అదీ సరైన చర్యే. కాని అంతకంతకు కల్లాల దగ్గర మేర ఆగిపోయింది, నీరటి ఊరు వదిలాడు, తూము చేతికందినవాడే నీటికి యజమాని అయ్యాడు.

బోరుబావి నీటిని ఉమ్మడి ఆస్తినుంచి సొంత ఆస్తిగా మార్చింది. తన చేనులో తనకే నీళ్ళున్నవానికి చెరువు కట్టతో పనేమిటి? ఊళ్ళో స్థితిమంతుడు చెరువును మొదట వదిలాడు. అతని వెంట పంచాయతీ శ్రద్ధ కూడా వెళ్ళిపోయింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చింది. అప్పులపాలైన రైతుకు అది ఊరటే. కాని నీరు వున్న లోతుకు వెళ్ళగలిగినవానికే ఆ విద్యుత్తు ఉపయోగపడింది. ఎండిన బోరు పక్కన మరో బోరు, దానికోసం మరో అప్పు – ఈ మెట్టప్రాంతపు రైతు ఆత్మహత్యల చరిత్రలో ఈ అధ్యాయాన్ని విస్మరించలేము. లోతైన రాతిపొరల్లో ఎక్కువకాలం నిలిచిన నీటిలో ఫ్లోరైడు అధికం. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వంటి చోట్ల వంగిన వెన్నులు, వంకరపోయిన కాళ్ళు ఆ నీటి ఫలితమే. పటికా సున్నమూ వాడి ఫ్లోరైడును తొలగించే పద్ధతికి 1970లలో మన శాస్త్రజ్ఞులు 'నల్లగొండ పద్ధతి' అని పేరు పెట్టారు. ఒక జిల్లా తన జబ్బుతో ప్రపంచ విజ్ఞానశాస్త్రంలో స్థానం సంపాదించుకోవడం గర్వించదగిన విషయమేమీ కాదు.

పాత అధికారిని తొలగించి కొత్త వ్యవస్థను నిలబెట్టలేకపోవడం మన ఒక్కరి అనుభవం కాదు. మనవంటి చెరువుల నాడే అయిన సిలోనులో మార్క్సిస్టు నాయకుడు ఫిలిప్ గుణవర్ధన వ్యవసాయ మంత్రిగా 1958లో వరి భూముల చట్టం తెచ్చాడు. చెరువు నీటి వ్యవహారాలు చూసే 'వెల్ విదానే' అనే గ్రామాధికారి స్థానంలో సాగుదారులు ఎన్నుకునే సంఘాలను ఆ చట్టం ప్రతిపాదించింది. ఆశయం ఉన్నతమైనది. కాని ఆ సంఘాలకు తగినంత నిధులు లేవు, తీర్మానాన్ని అమలుచేయించే అధికారం లేదు. భూస్వాముల ప్రతిఘటనకు అవి తట్టుకోలేకపోయాయి. 1970లలో వాటి స్థానంలో వేరే ఏర్పాట్లు వచ్చాయి. అధికారం లేని సంఘం పాత అధికారి స్థానాన్ని నింపలేదని ఆ అనుభవం నేర్పుతున్నది.

5

మనదేశంలోనూ ప్రయత్నాలు జరగలేదని కాదు. వాటిని నిష్పాక్షికంగా పరిశీలించాలి.

1997లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతుల యాజమాన్యంలో సాగునీటి వ్యవస్థల చట్టం తెచ్చి, పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపింది. కాగితంమీద అది ప్రజాస్వామ్యమే. కాని ఓటు ఆయకట్టులో భూమి వున్నవారిది. చేపలు పట్టేవారు, బట్టలు ఉతికేవారు, పశువులు కాసేవారు, పట్టా పేరు లేని స్త్రీలు, చెరువులోకి నీరు వచ్చే ఎగువ భూముల మెట్టరైతులు నిర్ణయంలో లెక్కకు రాలేదు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం బోర్లను అదుపు చేయబూనింది. ఐతే అనుమతి కాగితం అధికారి చేతిలో వుంచిన చట్టం గ్రామస్థుని చేతిలో ఏ సాధనమూ పెట్టలేదు.

ఇందుకు భిన్నమైన ప్రయత్నం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో జరిగింది. వాటిలో నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా వున్నాయి. ఆరువందలకు పైగా పల్లెల్లో రైతులు తామే వాన కొలిచారు, తామే బావుల నీటిమట్టం కొలిచారు, ఖరీఫు ముగిశాక అందరిముందు లెక్క కట్టి యాసంగికి ఎంత నీరుందో తేల్చుకున్నారు. ఎవరినీ ఎవరూ నిర్బంధించలేదు. లెక్క తెలిసినవాడు వరి మడి తగ్గించుకొని ఆరుతడి పంటవైపు మొగ్గాడు. పైగా ఆ లెక్క ఒక్కొక్క ఊరిది కాక, ఒకే వాగు పరీవాహకంలోని ఊళ్ళన్నిటిదీ కలిపి చేశారు. మన చర్చకు ఇదే అన్నిటికన్నా విలువైన అంశం. నీటి వినియోగం తగ్గినట్లు 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక కూడా పేర్కొన్నది. కాని ఇది ప్రధానంగా బోరున్నవారి లెక్క. బోరు లేనివానికి దానిలో చెప్పవలసిన మాట తక్కువ. పైగా ప్రాజెక్టుకు గడువు వుంటుంది, వాగుకు గడువు వుండదు.

2015 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ ప్రారంభించి రాష్ట్రంలోని 46,531 చెరువులూ కుంటలూ బాగుచేయ సంకల్పించింది. చెరువు మళ్ళీ రాజకీయ ప్రశ్న కావడం చిన్న విషయం కాదు. పూడిక తీసే ఖర్చు ప్రభుత్వానిది, తోలుకుపోయే ఖర్చు రైతుది. ఇక్కడ పాత సంబంధం మరో రూపంలో ఎదురవుతుంది: ట్రాక్టరు కిరాయి పెట్టగలవాని చేనుకు ఒండ్రుమట్టి చేరుతుంది, పెట్టలేనివాడు చెరువు గట్టున నిలబడి చూస్తాడు. పూడిక ఒక వేసవిలో తీయవచ్చు. ప్రతి ఏడూ తూము కాపలా కాసే మనిషిని, అతని జీతాన్ని, అతని మాటకు విలువనిచ్చే సభను ఒక వేసవిలో సృష్టించలేము.

6

ఈ చరిత్రనుంచి తేలేదేమిటి? చెరువు చుట్టూ వున్నవారి ప్రయోజనాలు ఒకటి కావు. ఒకటేనని నటించడంవల్లనే సమన్వయం విఫలమౌతున్నది. చివరి తడికి నీరంతా వదలమని వరి రైతు అంటాడు, చేపలు చస్తాయని మత్స్యకారుడు అంటాడు. చెరువు నిండాలని ఆయకట్టుదారు, నిండితే తన పంట మునుగుతుందని శికం సాగుదారు. తన చేనులో నీటికుంట తవ్వుకుంటానని ఎగువ మెట్టరైతు, తవ్వితే చెరువులోకి నీరు రాదని దిగువవాడు. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. వైరుధ్యం నిజమైనది. దాన్ని పైకి చెప్పుకొని, లెక్క చూసుకొని, వాటాలు తేల్చుకునే వేదిక కావాలి.

ఆ వేదికకు కనీసం నాలుగు లక్షణాలు వుండాలి. దాని సరిహద్దు ఊరిది గాక వాగుది కావాలి. ఎగువ చెరువూ దిగువ చెరువూ ఒకే సభలో కూర్చోవాలి. సభ్యత్వం భూమినిబట్టి గాక ఆ నీటిమీద ఆధారపడటాన్నిబట్టి రావాలి. భూమిలేనివారికీ, స్త్రీలకూ ఓటుతో కూడిన స్థానం వుండాలి. దానికి నిధి, తీర్పును అమలుపరచే చట్టబద్ధమైన అధికారం వుండాలి. శాఖలు దానికి జవాబు చెప్పాలి. చివరగా, నీరటి పని మళ్ళీ ఒక వృత్తిగా, న్యాయమైన వేతనంతో, ఏ కులానికీ కట్టివేయని పదవిగా నిలబడాలి. తైబందీలోని వివేకాన్ని తీసుకుందాం; దాని వెనుకనున్న కొరడాను విడిచిపెడదాం. వారసత్వాన్ని స్వీకరించే అభ్యుదయ పద్ధతి ఇదే.

ఇందులో విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ చేయదగిన పని ఇప్పుడే వుంది. ఆలేరు వాగు వెంట ఏ చెరువు మత్తడి ఏ కుంటలోకి పోయేదో, ఏ కాలువ ఎక్కడ పూడిపోయిందో, పంచిన చేతులూ తవ్విన చేతులూ ఎవరివో తెలిసిన ముసలివారు ఇంకా కొందరు మిగిలివున్నారు. వడ్డెర వాడలకూ, ముదిరాజుల ఇళ్ళకూ, నీరటి కుటుంబాల దగ్గరికీ వెళ్ళి ఆ జ్ఞానాన్ని రాసిపెట్టుకోవాలి. బడిలో ఒక వానమాపకం పెట్టి, ఊరి బావుల మట్టం నెలనెలా గోడమీద రాయాలి. అంకె అందరి కళ్ళముందు వున్నప్పుడు సభలో మాట దాచడం కష్టం. శాసనాలు చెరువు కట్టించినవాని పేరు చెప్పాయి. కట్టినవారి పేరు, కాచినవారి పేరు చెప్పవలసిన బాధ్యత మనది. ఆ పేర్లు తెలిసిననాడు చెరువు ఎవరిదన్న ప్రశ్నకు జవాబు చెప్పడం ఇంత కష్టం కాదు.